ఎనిమిది పేజీల ఆయుధం

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర సంస్థలు కలిసి ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని పట్టుకున్నాయి. ఆడపేర్లతో ఉన్న ఖాతాల ద్వారా వాళ్ళను ముగ్గులోకి దింపి, నౌకల కదలికల వివరాలు రాబట్టారన్నది ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, యుద్ధనౌకల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. అప్పటి నుంచి వలపు వల అనే మాట మన పత్రికల్లో నెలకోసారైనా కనిపిస్తోంది.

నేనుండే భిలాయిలోనూ ఈ మాట వినబడుతుంది. ఇది రైలు పట్టాల ఊరు మాత్రమే కాదు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు సెయిల్ అందించిన దాదాపు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కులో భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలకు భాగం ఉంది. ఫలానా గ్రేడు ప్లేట్లు ఎన్ని, ఎప్పుడు, ఎక్కడికి వెళ్తున్నాయన్నది శత్రువుకు పనికొచ్చే సమాచారమే. అందుకే ఇలాంటి ఊళ్ళలో ఉద్యోగులకు అపరిచిత స్త్రీలతో జాగ్రత్త అని చెబుతుంటారు. మంచిదే. కాని ఆ పాఠం సగం దగ్గరే ఆగిపోతుందని నా అభిప్రాయం.

ఆడమనిషిని ఎరగా వేయడం ఒక పద్ధతి. ఆడమనిషి పేరును రాయిలా విసరడం మరో పద్ధతి. మొదటిదానికి గూఢచారి కావాలి, డబ్బు కావాలి, ఓపిక కావాలి. రెండోదానికి ఒక అచ్చుయంత్రం చాలు. ఇప్పుడైతే అదీ అక్కర్లేదు, ఫోన్ చాలు. మొదటి పద్ధతి రహస్యాన్ని దొంగిలిస్తుంది. రెండోది ఒక పదవిలో ఉన్న మనిషిని, అతని వెనకున్న వ్యవస్థను పడగొడుతుంది. ఆ రాయి మొదట తగిలేది మాత్రం ఆ స్త్రీకి.

ఈ మాట రాగానే చాలామందికి లండన్ గుర్తొస్తుంది. సోహోలోని ముర్రేస్ క్యాబరే క్లబ్‌లో పనిచేసిన క్రిస్టీన్ కీలర్ అనే యువతికి బ్రిటన్ యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమోతోనూ, సోవియట్ నౌకాదళ అటాషే యెవ్‌గెనీ ఇవనోవ్‌తోనూ పరిచయం ఉందని బయటపడి, 1963 జూన్‌లో ప్రొఫ్యూమో రాజీనామా చేశాడు. ఆ సెప్టెంబరులో వచ్చిన లార్డ్ డెన్నింగ్ నివేదిక దేశ రహస్యాలేవీ బయటకు పోలేదని తేల్చింది. రహస్యం పోలేదు, ప్రభుత్వం పరువు పోయింది. కీలర్ మరో కేసులో అబద్ధపు సాక్ష్యం చెప్పిందని జైలుకు వెళ్ళింది.

అంతకు డెబ్బై ఏళ్ళ ముందే మన హైదరాబాద్ ఇలాంటిదాన్ని చూసింది. అప్పట్లో లండన్ పత్రికల దాకా వెళ్ళిన ఆ కథ ఈనాడు మనలో చాలామందికి తెలియదు. ఆ కథలోని స్త్రీ పేరు ఎలెన్ గెర్‌ట్రూడ్ డానెలీ.

ఎలెన్ ఇండియాలోనే పుట్టిన బ్రిటిష్ స్త్రీ. ఆ రోజుల్లో ఇక్కడి తెల్లవాళ్ళందరూ దొరలు కారు. పెద్ద ఉద్యోగం, పెద్ద వంశం లేని కుటుంబాల ఆడపిల్లలకు తెల్లవాళ్ళ క్లబ్బుల్లోనూ చోటుండేది కాదు, ఇక్కడి సమాజంలోనూ ఉండేది కాదు. ఆమె లక్నో ప్రాంతంలో మెహదీ హసన్ అనే ముస్లిం యువకుడిని పెళ్ళాడింది. హిందుస్థానీ పురుషుడు, తెల్ల స్త్రీ! 1857 తిరుగుబాటు గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న లక్నోలో అది చిన్న విషయం కాదు. తెల్ల అధికారి దేశీయ స్త్రీని చేరదీస్తే చూసీచూడనట్టు ఊరుకునే సమాజం, దేశీయుడు తెల్ల స్త్రీని పెళ్ళాడితే మాత్రం కన్నెర్ర చేసేది.

1880ల మొదట్లో మెహదీ హసన్ హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగానికి వచ్చాడు. మొదటి సాలార్‌జంగ్ పరిపాలనను ఆధునికం చేయడానికి ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళను రప్పించిన కాలమది. మెహదీ హసన్ తెలివైనవాడు, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. త్వరలోనే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, తర్వాత హోం సెక్రటరీ అయ్యాడు, ఫతే నవాజ్ జంగ్ అనే బిరుదు పొందాడు. పదవి పెరిగేకొద్దీ పగ కూడా పెరిగింది. స్థానికులైన ముల్కీలకు, బయటి నుంచి వచ్చిన గైర్ ముల్కీలకు మధ్య గొడవ ఎంత లోతైనదో 1952ను, 1969ను చూసిన తెలంగాణ పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. దాని వేళ్ళు ఇక్కడే ఉన్నాయి. మెహదీ హసన్‌ను సాటి గైర్ ముల్కీలే ఓర్వలేకపోయారన్నది ఇంకో ముడి.

ఎలెన్ కొంతకాలం ఘోషాలో ఉండి తర్వాత బయటికి వచ్చింది. హైదరాబాద్ పెద్దమనుషుల విందుల్లో, తెల్ల అధికారుల ఇళ్ళలో భర్త పక్కన కనిపించడం మొదలుపెట్టింది. నవాబు భార్యగా ఇటూ, తెల్ల స్త్రీగా అటూ ఆమెకు రెండు వైపులా తలుపులు తెరుచుకున్నాయి. 1888లో ఆ దంపతులు ఇంగ్లండ్ వెళ్ళారు. విక్టోరియా రాణి దర్శనం కూడా లభించింది. లక్నోలో ఏ చోటూ లేని స్త్రీ సామ్రాజ్ఞి కొలువు దాకా వెళ్ళింది. ఇంతకంటే ఎత్తు అప్పటి హైదరాబాద్‌లో ఏ అధికారి భార్యా ఎక్కి ఉండదు. అంత ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో ఆమె అప్పటికి ఆలోచించి ఉండదు.

ఇక్కడ సంస్థానం పరిస్థితి కొంచెం చెప్పాలి. 1798, 1800 సంధులతో నిజాం తన బయటి రక్షణను కంపెనీ సైన్యానికి అప్పగించాడు. హుస్సేన్‌సాగర్‌కు అవతల సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిసింది. 1853లో హైదరాబాద్ కంటింజెంట్ ఖర్చుల కింద బీరారు చేజారింది. సొంత సైన్యం చెప్పుకోవడానికే. అసలు బలం మూసీకి ఇవతల కోఠీలోని రెసిడెన్సీలో ఉండేది. 1887లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాయవ్య సరిహద్దు రక్షణకు ఏడాదికి 20 లక్షల చొప్పున మూడేళ్ళ పాటు ఇస్తానని ముందుకొచ్చాడు. సంస్థానాలు తమ ఖర్చుతో సామ్రాజ్యానికి దళాలు తయారుచేసే ఇంపీరియల్ సర్వీస్ ఏర్పాటు ఆ తర్వాతే వచ్చింది. అంటే హైదరాబాద్ దర్బారులో ఎవరి మాట చెల్లుతుందన్నది బ్రిటిష్‌వాళ్ళకు ఊరి కబురు కాదు, సైనిక వ్యవహారం.

అలాంటి దర్బారును వరసగా దెబ్బలు తాకాయి. 1888లో గనుల కుంభకోణం. సింగరేణి బొగ్గుతో సహా సంస్థానంలోని ఖనిజాల హక్కులు చేజిక్కించుకున్న లండన్ కంపెనీ వాటాల గోల్‌మాల్ మీద బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. దాంతో సర్దార్ అబ్దుల్ హక్ అనే పెద్ద అధికారి పడిపోయాడు. 1891లో వజ్రం కేసు. అలెగ్జాండర్ జేకబ్ అనే వ్యాపారి నుంచి నిజాం కొనబోయిన వజ్రం మీద వివాదం కలకత్తా హైకోర్టుకు ఎక్కి, జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ వజ్రం ఇప్పుడు భారత ప్రభుత్వం దగ్గర ఉంది. ఆ ఊపు తగ్గకముందే, 1892 ఏప్రిల్‌లో ఊళ్ళోకి ఒక కరపత్రం వచ్చింది.

ఎనిమిది పేజీలు. ఇంగ్లీషులో. రాసినవాడి పేరు లేదు. హైదరాబాద్ స్త్రీలకు విజ్ఞప్తి అని శీర్షిక. అందులో మూడు ఆరోపణలు. ఎలెన్ పెళ్ళికి ముందు లక్నోలో వేశ్య. మెహదీ హసన్‌తో ఆమెకు అసలు పెళ్ళే జరగలేదు. పైకి రావడానికి ఆయన ఆమెను పెద్ద అధికారుల దగ్గరికి పంపాడు.

సైనికుడి కంటితో ఆ కాగితాన్ని చూడండి. గురి మెహదీ హసన్, కాని తూటా వెళ్ళింది ఎలెన్ మీదికి. ఆయన లంచం తిన్నాడని రాస్తే లెక్కలు అడుగుతారు, ఆయన లెక్కలు చూపిస్తాడు. భార్య నడవడి మీద రాస్తే ఎవరూ లెక్కలు అడగరు. పైగా కాగితం ఇంగ్లీషులో ఉంది. అంటే చార్మినార్ దగ్గర నడిచే మనిషి కోసం రాసింది కాదు, రెసిడెన్సీ కోసం, కంటోన్మెంట్ మెస్సుల కోసం, లండన్ కోసం రాసింది. స్త్రీలకు విజ్ఞప్తి అని పేరు పెట్టడంలో ఇంకో ఎత్తుగడ ఉంది. ఈమెను మీ ఇళ్ళలోకి ఎలా రానిచ్చారని దొరసానులను అడగడం అది. ఈమె రాణి ముందు దాకా వెళ్ళింది కాబట్టి, ఆ ప్రశ్న సామ్రాజ్యాన్ని కూడా సిగ్గుపరుస్తుంది. కాగితం రాసినవాడికి లక్ష్యమూ తెలుసు, భూమీ తెలుసు, గాలివాలూ తెలుసు.

మెహదీ హసన్ ముందు రెండు దారులున్నాయి. పట్టించుకోకుండా ఊరుకోవడం, కోర్టుకెక్కడం. ఆయన స్వయంగా న్యాయమూర్తిగా పనిచేసినవాడు, కోర్టును నమ్మాడు. కరపత్రాన్ని అచ్చువేశాడని ఎస్. ఎం. మిత్రా అనే బెంగాలీ మీద రెసిడెన్సీ కోర్టులో పరువునష్టం కేసు పెట్టాడు. తెల్ల మేజిస్ట్రేటు, రెండు వైపులా పెద్ద పేరున్న ఇంగ్లీషు బారిస్టర్లు. మెహదీ హసన్ తరఫున బొంబాయి నుంచి ఇన్‌వెరారిటీ, మిత్రా తరఫున మద్రాసు నుంచి ఎర్డ్‌లీ నార్టన్. విచారణ తొమ్మిది నెలలు సాగింది.

పరువునష్టం కేసులో చట్టం ఒక సందు ఇస్తుంది. రాసింది నిజమై, అది లోకహితం కోసమే అయితే నేరం కాదు. ఆ సందులోంచి ఎలెన్ గత జీవితమంతా కోర్టులోకి వచ్చింది. బోనులో ఉన్నది మిత్రా, విచారణ జరిగింది ఎలెన్ మీద. ఆమె ఒకప్పుడు ఎక్కడ ఉండేది, ఎవరితో మాట్లాడేది, ఇంటికి ఎవరు వచ్చేవారు అని చెప్పడానికి ఉత్తరాది నుంచి సాక్షులు దిగారు. డబ్బులిచ్చి సాక్ష్యాలు చెప్పిస్తున్నారన్న ఆరోపణలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. వ్యభిచారం, మోసం, అబద్ధపు ప్రమాణం, ఇంకా నోటితో చెప్పలేని మాటలు రోజూ రికార్డుకెక్కాయి. ఇక్కడి పత్రికలు, విదేశీ పత్రికలు వాటిని వరసగా అచ్చువేశాయి. కరపత్రం కొన్ని వందల మంది చేతికి వెళ్ళి ఉంటుందేమో. ఆ కేసు దాన్ని వేల మందికి చదివించింది.

1893లో తీర్పు వచ్చింది. మిత్రా దోషి కాదన్నారు. ఆ తీర్పుతో కరపత్రంలోని ప్రతి మాటా నిజమని తేలినట్టు కాదు. అయినా తీర్పు కాపీ చదివేవాళ్ళెందరు? ఓడిపోయారు అన్నంత వరకే లోకానికి చేరింది. కరపత్రం రాసింది ఎవరన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

నిజాం ప్రభుత్వం మెహదీ హసన్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. పెన్షన్ లేదు. దంపతులు లక్నోకు తిరిగి వెళ్ళారు. అక్కడ బ్రిటిష్ ప్రభుత్వంలో ఏదైనా చిన్న ఉద్యోగమైనా దొరుకుతుందేమోనని ఆయన ప్రయత్నించాడు. ఒకప్పుడు కాంగ్రెస్ ప్రమాదకరమైనదని బహిరంగంగా విమర్శించి ప్రభుత్వ విధేయత చాటుకున్న మనిషి ఆయన. ఆ విధేయత అక్కరకు రాలేదు. 52వ ఏట ఆయన చనిపోయాడు. ఎలెన్‌కు మిగిల్చింది ఏమీ లేదు.

హైదరాబాద్‌లోనూ మార్పులు జరిగాయి. అదే 1893లో దివాన్ అస్మాన్ జా పదవి నుంచి దిగిపోయి, వికారుల్ ఉమ్రా వచ్చాడు. ఒక్క కరపత్రమే దివాన్‌ను మార్చిందని నేను అనను. మూడు కుంభకోణాల బరువు కలిసి పడింది. లాభం మాత్రం స్పష్టంగా రెసిడెన్సీకే దక్కింది. నిజాం దర్బారు తన ఇల్లు తాను చక్కబెట్టుకోలేదని చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? తెల్లదొరలు దీన్ని నడిపారని చెప్పడానికి ఆధారం అక్కర్లేదు. కోట లోపలివాళ్ళే గోడకు కన్నం వేస్తుంటే బయటివాడు ఫిరంగి పేల్చనక్కర్లేదు.

ఆ రెసిడెన్సీకి ఇలాంటి కథ కొత్తది కాదు. దాన్ని కట్టించిన రెసిడెంట్ జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ గొప్పింటి ఆడపడుచు ఖైరున్నిసాను పెళ్ళాడినందుకు గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1801లో రహస్య విచారణ జరిపించాడు. రెసిడెంట్ కంపెనీ మనిషా, నిజాం మనిషా అన్నది వాళ్ళ అనుమానం. కిర్క్‌పాట్రిక్ పదవి నిలిచింది. కాని ఖైరున్నిసా పిల్లలను చిన్నతనంలోనే ఇంగ్లండ్‌కు పంపేశారు, ఆమె మళ్ళీ వాళ్ళను చూడలేదు. ఒకే రెసిడెన్సీ, తొంభై ఏళ్ళ తేడాతో ఇద్దరు స్త్రీలు. ఒకసారి దేశీయ స్త్రీ తెల్లవాడి భార్య, ఇంకోసారి తెల్ల స్త్రీ దేశీయుడి భార్య. మూల్యం రెండుసార్లూ స్త్రీయే చెల్లించింది. తర్వాత ఆ భవనం ఆడపిల్లల కాలేజీ కావడం ఒక్కటే ఇందులో కొంచెం ఊరట.

ఆర్మీలో ఉన్నప్పుడు నేను ఆకాశరామన్న ఉత్తరాలు చాలా చూశాను. ఒక ఆఫీసరు ప్రమోషన్ బోర్డుకు నెల రోజుల ముందు వచ్చే ఉత్తరంలో స్టోర్సు లెక్కల గురించి ఒక పేరా ఉంటే, ఇంట్లో ఆడవాళ్ళ గురించి మూడు పేరాలుండేవి. ఒక యూనిట్‌లో అలాంటి ఉత్తరం వచ్చినప్పుడు మా కమాండింగ్ ఆఫీసరు చేసిన పని నాకిప్పటికీ గుర్తు. స్టోర్సు పేరాను ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టి తనిఖీకి పంపించాడు. మిగతా మూడు పేరాల పక్కన, ఇది సర్కారు పని కాదు అని రాసి సంతకం చేశాడు. ఆ కాగితం మెస్సులో ఎవరి చేతికీ వెళ్ళనివ్వలేదు. ఆ కుటుంబం మాతోనే ఇంకో రెండేళ్ళు, తలెత్తుకుని ఉంది. కేంద్ర విజిలెన్స్ కమిషన్ కూడా 1999లో పేరూ ఊరూ లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని శాఖలను ఆదేశించింది. ఆ నియమం వెనక ఎన్ని ఇళ్ళ కన్నీళ్ళున్నాయో ఫైళ్ళు చూసినవాళ్ళకు తెలుసు.

ఎలెన్ విషయంలో హైదరాబాద్‌లో అలాంటి ఎర్ర పెన్సిల్ ఎవరి దగ్గరా లేకపోయింది. అడగవలసిన ప్రశ్నలు నాలుగే. ఇది ఎవరు రాశారు? అచ్చుకు డబ్బు ఎవరిచ్చారు? ఇప్పుడే ఎందుకు? ఈ మనిషి పడిపోతే ఎవరు లేస్తారు? వీటి బదులు సంస్థానమూ సామ్రాజ్యమూ కలిసి ఐదో ప్రశ్న అడుగుతూ తొమ్మిది నెలలు గడిపాయి: ఆ స్త్రీ ఎలాంటిది? ఆ ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా హైదరాబాద్ హోం శాఖ నడిచే తీరు మారదు. ఒకవేళ కరపత్రంలో రాసింది నిజమే అనుకుందాం. పేదరికంలో పుట్టిన ఒక పిల్ల ఎలా బతికిందన్నది ఏళ్ళ తర్వాత రాజ్య వ్యవహారం ఎలా అవుతుంది? అది బెదిరింపుకు పనికొస్తుంది కాబట్టే అవుతుంది. అంటే ప్రమాదం ఆమె గతంలో లేదు, ఆ గతం బయటపడితే సిగ్గుతో చచ్చిపోవాలని నమ్మే మనలో ఉంది.

భద్రతా పాఠంలో నేను సగమే చెబుతున్నారన్నది ఇందుకే. వలపు వలలో చిక్కిన ఉద్యోగిని శత్రువు ఆడించేది ప్రేమతో కాదు, భయంతో. ఫొటో ఇంటికి పంపిస్తాం, కాలనీ గ్రూపులో పెడతాం అన్న ఒక్క బెదిరింపుతో. మనిషి ముఖాన్ని ఇంకో ఒంటికి అతికించే సాంకేతికత వచ్చాక, అసలు ఏ తప్పూ చేయనివాళ్ళను కూడా అదే భయంతో లొంగదీయవచ్చు. పరువు పోతుందన్న భయం ఎంత ఎక్కువగా ఉన్న ఊరైతే శత్రువుకు అంత సులువు. అలాంటి క్లిప్పు ఒకటి వచ్చినప్పుడు దాన్ని పది మందికి పంపి నవ్వుకునేవాడు, తెలియకుండానే శత్రువుకు ఫిరంగి మోసే కూలీ అవుతాడు.

కాబట్టి కంటోన్మెంటులోనైనా, ఉక్కు నగరంలోనైనా చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. బెదిరింపు వచ్చిన ఉద్యోగి గానీ, అతని భార్య గానీ, ఉద్యోగినులు గానీ మొదటి రోజే వచ్చి చెప్పుకోగల ఒక అధికారి ఉండాలి. చెప్పినవాళ్ళ మీద ముందు విచారణ, ఆ తర్వాతే రక్షణ అన్న వరస తిరగబడాలి. సెక్యూరిటీ తరగతుల్లో ఎవరిని నమ్మకూడదో చెప్పినట్టే, ఎవరి పేరును ముందుకు పంపకూడదో కూడా చెప్పాలి. క్లిప్పులో ఉన్నది ఎవరు అన్నదాని కంటే, దాన్ని మొదట వదిలింది ఎవరు అన్నదాని మీద దర్యాప్తు నడవాలి.

ఎలెన్ చివరి రోజులు చెప్పి ముగిస్తాను. వృద్ధాప్యంలో, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో, ఆమె హైదరాబాద్ దివాన్‌కు సాయం అడుగుతూ అర్జీ పెట్టుకుంది. తనను వెళ్ళగొట్టిన ఊరినే అడగవలసి వచ్చింది. దయతలచి కొద్దిపాటి మొత్తం మంజూరు చేశారు. అది అందిన కొన్నాళ్ళకే ప్లేగు సోకి చనిపోయింది. ఆమె మీద ఎనిమిది పేజీలు రాసినవాడి పేరు ఈనాటికీ బయటపడలేదు.